కొలత తప్పిన సైకిలు

ఫిబ్రవరి 26

వదినా,

ఫోను ఉండగా ఉత్తరమేమిటని విసుక్కోకు. నీ చెవులతో ఫోన్లో మాట్లాడితే నేను చెప్పింది నీకు వినపడదు, నువ్వు చెప్పింది మీ వీధంతా వింటుంది. ఈ సంగతి వీధికి తెలియకూడదు. అన్నయ్యకి అసలే తెలియకూడదు. అందుకే ఇంటికి కాకుండా నీ కొట్టు అడ్రసుకి రాస్తున్నాను.

నాకొక సైకిలు కావాలి. కూరలు తెచ్చుకునేది కాదు. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుందే, సన్న టైర్లు, బోలెడు గేర్లు, అది. నువ్వు పెళ్ళికి ముందు పందేల్లో తొక్కినదానివి, ఇప్పుడు సైకిళ్ళ కొట్టు నడుపుతున్నదానివి. నిన్ను కాక ఇంకెవర్ని అడగను? చిన్నప్పుడు అన్నయ్య వెనక సీటు పట్టుకుని పరిగెత్తితే వీధి చివరిదాకా తొక్కాను. ఆ తర్వాత కుట్టుమిషను తప్ప దేన్నీ తొక్కలేదు.

పందెం గెలవాలని కాదు. నలుగురితో కలిసి వెళ్తే మరీ వెనకబడిపోకూడదు, అంతే. మే నెల అయిపోయేలోగా నాకు వచ్చెయ్యాలి. వస్తుందా? నిజం చెప్పు. ఓదార్చకు. రాదంటే ఇంకేం చెయ్యాలో నాకు తోచడం లేదు.

ఎందుకని మాత్రం అడగొద్దు.

ఇక్కడ షాపులో తల ఎత్తే తీరిక లేదు. బళ్ళు తెరిచేలోగా యూనిఫారాలన్నీ అవ్వాలి. మా మేస్త్రీ కాలర్లకని కొత్త మిషను తెచ్చాడు. అది కాలర్లు నమిలి ఉమ్ముతోంది. వాటిని విప్పి మళ్ళీ కుట్టేది నేను.

నీ ఆడపడుచు


మార్చి 6

ఏమే పిల్లా,

నీ ఉత్తరం చదివి కొట్లో ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. పంక్చరు వేయించుకోడానికి వచ్చినాయన నాకేదో అయిందనుకుని తన చక్రం తాను పట్టుకుపోబోయాడు. నలభై మూడేళ్ళొస్తే మోకాళ్ళకి మందు రాసుకుంటారు కానీ రేసు సైకిలు కొంటారుటే? ఎందుకని అడగొద్దన్నావు కాబట్టి అడగను. ఎవరని అడుగుతాను. ఎవరాయన?

సరే, పనిమాట. మొదటి సైకిలు కొనేవాళ్ళంతా రంగు చూస్తారు, ఒంటి చేత్తో ఎత్తి చూసి మురిసిపోతారు. సైజు చూడరు. చెప్పు లాంటిదే సైకిలూను, కాలికి పట్టకపోతే ఎంత మంచిదైనా కరుస్తుంది. షాపువాడు కార్బను ఫ్రేము అంటూ చెవిలో ఊదుతాడు, వినకు. మొదటి నెలంతా నువ్వు పడుతూనే ఉంటావు, అది పగిలిందంటే ఇక పారెయ్యడమే. స్టీలు చాలు. పందేలవాళ్ళ సైకిలు మీద నడుము బల్లలా వంచాలి, కుట్టుమిషను దగ్గర అరిగిన నడుము దానికి ఒప్పుకోదు. హ్యాండిలు కాస్త ఎత్తుగా ఉన్నదే నీకు మంచిది. టైర్లు మరీ సన్నవి వద్దు. వెనక పెద్ద పళ్ళచక్రం ఉండాలి, లేకపోతే మొదటి ఎక్కుడులోనే దేవుడు కనిపిస్తాడు. ఇవన్నీ చూసి నేనే ఒకటి కట్టి పంపుతాను. నువ్వు బయట కొనకు.

కొలత పంపు. చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడు. లావుపాటి పుస్తకం ఒకటి కాళ్ళ మధ్య పైదాకా, సీటు మీద కూర్చున్నట్టు, గట్టిగా ఇరికించు. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా కొలిచి రాయి.

మేలోగా వస్తుందా అన్నావు. రోజూ తొక్కితే పడకుండా పోవడం వస్తుంది. గుంపుతో సమంగా పోవడం రాదు. నిజం చెప్పమన్నావుగా.

మీ అన్నయ్యకి చెప్పలేదు. చెప్పకపోవడం ఎంత కష్టమో నీకు తెలీదు, అన్నం తింటుంటే నాకే నవ్వు వచ్చేస్తోంది.

వదిన


మార్చి 14

వదినా,

ఎవరూ లేరు. ఎవరూ లేరంటే నమ్మవేం?

ఉన్న సంగతి చెప్తాను. ప్రతి ఆదివారం తెల్లవారగానే ఇక్కడ ఓ గుంపు సైకిళ్ళ మీద బయల్దేరుతుంది. వంతెన దాటి, గుట్టల దారిన చుట్టు తిరిగి వస్తారు. ఎవరైనా కలవచ్చు. పళ్ళ డాక్టరొకాయన నడిపిస్తాడు. నేను టీ కొట్టు పక్కన స్తంభం చాటున నిలబడి చూస్తూ ఉంటాను. వంతెన మలుపు తిరిగేదాకా కనిపిస్తారు. అదెంతసేపు? కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. ఇంటికొచ్చి మళ్ళీ ఆదివారం దాకా దాన్నే తలుచుకుంటూ కాజాలు కుడుతుంటాను. ఆ గుంపులో నేనూ ఉంటే, కనీసం వెనక నుంచైనా చూస్తూ పోవచ్చు. నాకంతకన్నా ఏమీ వద్దు.

నువ్వు వద్దన్నా సైకిళ్ళ షోరూముకి వెళ్ళాను, ఓసారి కూర్చుని చూద్దామని. అక్కడతను ఎర్రది ఒకటి తెచ్చి, ఇదే మీకు సరిపోతుంది మేడమ్ అన్నాడు. ఎక్కించి చెయ్యి వదిలేశాడు. నేను వెళ్ళి హెల్మెట్ల అల్మరాని గుద్దాను. హెల్మెట్లన్నీ నా మీదే పడ్డాయి, తలకి పెట్టుకోవాల్సినవి వీపుకి తగిలాయి. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఏడ్చాను.

కొలత ఇదిగో, ఇరవై ఏడు అంగుళాలు. పుస్తకాలూ గోడలూ ఎందుకు వదినా? ఊళ్ళో ప్యాంట్లన్నిటికీ లోపలి కాలు కొలిచేది నేను. కొలతలు నాకు నేర్పుతావా?

తొందరగా పంపు. ఆదివారాలు అయిపోతున్నాయి.

నీ మరదలు


మార్చి 23

పిల్లా,

నాకంతా అర్థమైంది. స్తంభం చాటున నిలబడటం, కన్ను మూసి తెరిచేలోగా అనడం, వెనక నుంచి చూసినా చాలనడం. ఎవరూ లేరంటూనే అంతా చెప్పేశావు. ఆ పళ్ళ డాక్టరుకి పెళ్ళయిందా లేదా? అయితే మాత్రం నేను ఈ సైకిలు కట్టను, ముందే చెప్తున్నాను.

నవ్వులాటకి అనడం లేదు. నీ కాపురం చెడినందుకు నేను నిన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఇంట్లో రోజూ జరిగే గొడవ నేనూ కళ్ళారా చూసిందే. ఇంకో మనిషి కావాలనుకోవడమూ తప్పు కాదు. కానీ మిడత సంగతి ఆలోచించావా? పుట్టగానే ఆ పొడుగు కాళ్ళు చూసి దానికి ఆ ముద్దుపేరు పెట్టింది నేనే. అసలే కన్నకూతురు తండ్రి దగ్గరుండిపోయి నీతో మాట్లాడటం మానేసింది. ఇప్పుడు వాళ్ళమ్మ పొట్టి లాగు వేసుకుని ఓ డాక్టరు వెనకాల సైకిలు మీద తిరుగుతోందని దాని చెవిన పడితే? ఇంక జన్మలో నీ మొహం చూస్తుందా? తల్లివన్న సంగతే మర్చిపోయావా?

నీ ఉత్తరం బల్ల మీద వదిలేశాను, మీ అన్నయ్య చదివేశాడు. వెళ్ళి సాయంత్రం దాకా గుమ్మంలో కూర్చున్నాడు.

కోపం కోపమే, సైకిలు సైకిలే. ఫ్రేము బయటికి తీసి పెట్టాను. నీ సైజుకి మరీ చిన్నది కావాల్సి వచ్చింది, నువ్వింత పొట్టిదానివని నాకు గుర్తు లేదు. జవాబు రాస్తేనే చక్రాలు బిగిస్తాను.

వదిన


ఏప్రిల్ 2

వదినా,

నీ ఉత్తరం చింపేశాను. తర్వాత ముక్కలు ఏరుకుని మళ్ళీ చదివాను.

ఆ డాక్టరు మొహం నేను ఇప్పటిదాకా సరిగ్గా చూడనైనా లేదు. ఆ గుంపులో మిడత ఉంది. నేను చూసేది మిడతని.

తల్లివన్న సంగతి మర్చిపోయావా అని అడిగావే! నేను ఆ ఇంట్లోంచి బయటికి వస్తున్నప్పుడు అది గుమ్మంలో నిలబడి, "వెళ్తున్నది నువ్వు, నేను కాదు" అంది. ఆ తర్వాత రెండేళ్ళుగా దాని గొంతు నేను వినలేదు. ఫోను ఎత్తదు. పుట్టినరోజుకి చొక్కా కుట్టి పంపితే వాళ్ళ నాన్న చేత తిప్పి పంపింది. బడి దగ్గర నిలబడ్డాను. గేటు దాకా వచ్చినది నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది, ఎంతకీ రాలేదు. కాపలా ఆయన నా వైపు చూసిన చూపుకి సిగ్గుతో చచ్చిపోయి ఇంటికొచ్చాను. మళ్ళీ వెళ్ళలేదు.

ఇప్పుడది సైకిలు పందేల్లో గెలుస్తోంది. జూన్లో ఎక్కడో దూరాన శిక్షణ హాస్టల్లో చేరుతుందట, మూడేళ్ళు అక్కడే. వాళ్ళ నాన్న రెండు ముక్కల మెసేజి పెట్టాడు. వెళ్ళేదాకా ఆదివారాలు మాత్రం ఈ గుంపుతో తేలిగ్గా తొక్కుతుంది. ఎవరైనా రావచ్చన్న చోటు ఈ లోకంలో నాకు అదొక్కటే మిగిలింది. దానికోసమే ఈ వయసులో ఈ వేషం. మాట్లాడమని అడగను, పక్కకి కూడా పోను. వెనకాల ఉంటాను.

ఊళ్ళో పిల్లలందరి కొలతలూ నా దగ్గరున్నాయి వదినా. ఏటా ఎవరు ఎంత పెరిగారో చూడకుండా చెప్పగలను. నా పిల్ల ఇప్పుడెంత ఎత్తుందో నాకు తెలీదు. చక్రాలు బిగించు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ మరదలు


ఏప్రిల్ 10

తల్లీ,

నన్ను చెప్పుతో కొట్టు. మూడు రోజులు కొట్లో ఏ పనీ చెయ్యలేకపోయాను. మీ అన్నయ్యకి చదివి వినిపించాను. ఆయన లేచి వెళ్ళి చక్రాలు తనే బిగించాడు. ఆయనకి చైను ఎక్కించడం కూడా రాదు, అన్నీ విప్పి నేను మళ్ళీ బిగించాను. సైకిలు రేపు లారీలో వస్తుంది. స్టీలు ఫ్రేము, నీలం రంగు. రంగు చూడకూడదని చెప్పింది నేనే కానీ, నీకు నీలం ఇష్టం కదా అని.

ఒక్క మాట అంటాను, కోపం తెచ్చుకోకు. నువ్వు రాని చోటు దానికి ఇప్పుడు అదొక్కటే. అక్కడికీ నువ్వొస్తే అది ఇంకెక్కడికి పోవాలి? నీ బాధ నాకు తెలియక కాదు. అయినా చాటుగా మాత్రం వెళ్ళకు. ఆ డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పు. ఆయన చేత పిల్లని అడిగించు. వద్దంటే వద్దే. సైకిలు నాకు తిప్పి పంపెయ్యి, ఒక్క ప్రశ్న కూడా వెయ్యను. ఒట్టు పెట్టి రాయి.

రోజూ తొక్కు. పడితే లే. లేచాక నీళ్ళు తాగి మళ్ళీ ఎక్కు.

నీ వదిన, ఇంకా సిగ్గుపడుతూ


ఏప్రిల్ 29

వదినా,

ఒట్టు. ఉత్తరం అందిన రోజే పెట్టుకున్నాను, రాయడానికే చేతులు రాలేదు. రెండు అరచేతులూ దోక్కుపోయాయి.

డాక్టరు దగ్గరికి పంటి నొప్పని చెప్పి వెళ్ళాను, ఇంకెలా వెళ్ళాలో తెలీక. ఆయన నోట్లో అద్దం పెట్టాక ఏడుపొచ్చేసింది. నొప్పికేమో అనుకుని మత్తుసూది తీశాడు. అప్పుడు చెప్పాను. ఆయన చాలాసేపు గ్లవుసులు తీసి మళ్ళీ తొడుక్కుంటూ ఉన్నాడు. సరే, అడుగుతానన్నాడు. వారం పోయాక జవాబు వచ్చింది. "రోడ్డు నాదా? వచ్చేవాళ్ళు వస్తారు. నాతో మాట్లాడకూడదు" అందిట. వద్దనలేదు వదినా! ఆ ముక్కనే పట్టుకుని తిరుగుతున్నాను.

కానీ సైకిలు నాకు చిన్నదైపోయింది. తొక్కుతుంటే మోకాళ్ళు వచ్చి మోచేతులకి కొట్టుకుంటున్నాయి. కాలు చాపడానికి లేదు. కాస్త దూరం పోయేసరికి తొడలు మండిపోతున్నాయి. నేను పొట్టిదాన్ని కాదు. తప్పు ఎక్కడ జరిగిందో నిన్న ప్యాంటు కొలుస్తుంటే తెలిసింది. నువ్వు నేల దాకా కొలవమన్నావు. నేను అలవాటు కొద్దీ చీలమండ దగ్గర టేపు ఆపేశాను. ప్యాంటు అక్కడే ఆగాలి కదా! రోజుకి యాభైసార్లు చేసే పని. పుస్తకం పెట్టుకోమంటే పొగరుగా నవ్వాను. ఊరందరికీ సరిపోయేలా కుట్టేదాన్ని, నా ఒక్కదానికే నేను కొలత తప్పాను.

ఏం చెయ్యను? చివరి ఆదివారం దగ్గరపడుతోంది. ఈ సైకిలు మీద నేను వంతెన కూడా దాటలేను.

నీ మరదలు


మే 7

పిల్లా,

తప్పు నాది కూడా. నా పెళ్ళిలో నువ్వు నా పక్కన నిలబడితే నా చెవి దాకా వచ్చావు. ఇరవై ఏడు అని చూడగానే ఇది ప్యాంటు కొలతని నాకు తట్టాలి. తట్టలేదు. అప్పుడు నా బుర్రనిండా పళ్ళ డాక్టరే.

నీ సైజు ఫ్రేము జూన్ దాకా రాదు, నాలుగు కొట్లు తిరిగి అడిగాను. పొడుగాటి సీటు గొట్టం పంపుతున్నాను. గొట్టం మీద అడ్డగీత ఉంటుంది, అది కనపడేంత పైకి మాత్రం లాగకు, విరుగుతుంది. హ్యాండిలుని కాస్త ముందుకి జరిపే ముక్క కూడా ఒకటి పెట్టాను. మీ వీధిలో ఎవరైనా మెకానిక్కు చేత బిగించుకో. సగం నయమవుతుంది. మిగతా సగం నువ్వు ఓర్చుకోవాలి.

గుంపుతో సమంగా పోవాలనుకోకు. పోలేవు. వాళ్ళు వెళ్ళిపోతారు. అది తెలిసి వెళ్ళు.

మీ అన్నయ్య కూడా ఒక మాట రాస్తాడట. "చెల్లీ, నేను రానా? వెనక సీటు పట్టుకుని పరిగెడతాను." నేను నవ్వబోయాను. ఆయన నవ్వడం లేదు.

వదిన


మే 28

వదినా,

వెళ్ళాను. ఒంట్లో ఎముకలన్నీ ఉన్నాయి, అన్నయ్యకి చెప్పు.

తెల్లవారేసరికి టీ కొట్టు ముందు చాలామంది చేరారు. మిడత ఉంది. నాకన్నా తలంత పొడుగైంది. హెల్మెట్టు బిగించుకుంటూ నా సైకిలు వైపు చూసింది. నా వైపు చూడలేదు. నేను చివర్న నిలబడ్డాను. అది ముందుంటుంది, ఓపిక ఉన్నంత దూరం దాని వీపు చూస్తూ పోతాను, అంతకుమించి ఏమీ అనుకోలేదు.

బయల్దేరే ముందు డాక్టరు నియమాలు చెప్పాడు. ఎవరి వేగం వాళ్ళదేనట. కానీ అందరికన్నా వెనకబడ్డవాళ్ళ వెనకాల ఎప్పుడూ ఒకరుంటారు, వాళ్ళని వదిలి ముందుకి పోకూడదు. వంతులవారీగా చేస్తారట. "ఈవేళ వెనకాల ఈ అమ్మాయి" అని మిడతని చూపించాడు.

దాన్ని చూడ్డానికి వచ్చాను నేను. అది వచ్చి నా వెనక నిలబడింది.

వంతెన దాటగానే గుంపు వెళ్ళిపోయింది. ఆ తర్వాత రోడ్డు మీద మేమిద్దరమే. వెనక్కి తిరిగి చూడటం నాకు రాదు వదినా, మెడ తిప్పితే చేతులూ తిరిగిపోతాయి. అయినా ఉండబట్టలేక తిప్పాను. సైకిలు కాలవ వైపు పోయింది. "ముందుకి చూడు" అని అరిచింది. రెండేళ్ళ తర్వాత అది నాతో అన్న మొదటి మాట. గొంతు మారిపోయింది. నేను పోల్చుకోలేకపోయేదాన్ని, రోడ్డు మీద ఇంకెవరైనా ఉండుంటే.

ఆ తర్వాత కూడా అలాంటివే. గుంత. లారీ వస్తోంది. ఎడమకి. గేరు తగ్గించు. వెనకున్నవాళ్ళు ఎవరికైనా చెప్పాల్సిన మాటలే అవి. ఆ సంగతి నాకు తెలుసు. అయినా గుంత అన్నప్పుడల్లా ఇంకో గుంత రావాలని కోరుకున్నాను.

తొక్కడం ఆపితే వెనక చక్రం టిక్కుటిక్కుమంటుంది కదా. నేను ఊపిరి అందక చస్తూ తొక్కుతుంటే నా వెనకాల ఆ చప్పుడు మాటిమాటికీ వినపడుతోంది. నన్ను దాటిపోకుండా ఉండటానికి అది తొక్కడం మానేస్తోందన్నమాట. ఎక్కుడులో ఆ చప్పుడు ఆగిపోయింది. ఎక్కుడులో ఎవరైనా ఆపకుండా తొక్కాల్సిందేనని నాకు తోచలేదు, వెళ్ళిపోయిందనుకున్నాను. కాళ్ళు పనిచెయ్యడం మానేశాయి, దిగిపోయి సైకిలు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఏడ్చాను. తల ఎత్తలేదు. మాట్లాడకూడదంది, నేను మాట్లాడలేదు. ఏడుపు మాట్లాడటం కిందికి వస్తుందో రాదో నాకు తెలీదు. నాలుగడుగుల వెనక దాని బూట్లు కనిపిస్తున్నాయి, కదలకుండా. చాలాసేపటికి "నీళ్ళు తాగు" అంది. తాగాను. గుట్ట పైదాకా నడిచాను. అదీ దిగి నడిచింది. వెనకాలే.

మేము తిరిగి వచ్చేసరికి అందరూ టీలు తాగి వెళ్ళిపోయారు. డాక్టరు ఒక్కడే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. మిడత ఆయనతో, "చివరివాళ్ళు వచ్చేశారు" అంది. నన్ను దాటుకుని వెళ్ళిపోయింది. అప్పుడు చూశాను దాని వీపు, వంతెన మలుపు దాకా. బుధవారం రైలు.

డాక్టరు సీసా కడుక్కుంటున్నాడు. ఒక్క మాట అడగాలని నోటిదాకా వచ్చింది. ఈవేళ వెనకాల ఉండటం నిజంగా దాని వంతేనా, లేక అదే అడిగి తీసుకుందా? ఆయనకి తెలుసు. ఇద్దరం అడుగు దూరంలో ఉన్నాం. వంతు ప్రకారమే అంటాడేమోనని అడగలేదు. సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వచ్చేశాను. మూడేళ్ళు గడవాలి వదినా. నువ్వెప్పుడైనా ఇక్కడికి వస్తే ఆయన్ని నువ్వు కూడా అడగొద్దు.

నీ మరదలు